కడుపులో ఉండగానే ఆపరేషన్ చేస్తే బిడ్డ నడుస్తుందా?

ఈ శీర్షికకి మామూలుగా అన్నం తినడం లేదని, మాటలు రాలేదని, పక్క తడుపుతున్నాడని ఉత్తరాలు వస్తాయి. ఈ నెల వచ్చినవాటిలో మూడు మాత్రం ఒకే జబ్బు గురించి, కడుపులోనే బిడ్డ వెన్ను మూసుకోని స్పైనా బిఫిడా గురించి. అందుకే పేజీలన్నీ వాటికే ఇస్తున్నాను. ముగ్గురి పేర్లూ తీసేశాను. కొత్తగా చదివేవాళ్ల కోసం ఒక మాట: నేను ఆపరేషన్లు చేసే డాక్టర్ని కాదు. విజయవాడలో 26 ఏళ్లుగా పిల్లల ఎదుగుదల చూస్తున్నాను. సర్జన్ కుట్లు విప్పాక నా దగ్గరికి వచ్చిన పిల్లలు పదేళ్లు, పన్నెండేళ్లు వస్తూనే ఉంటారు. నేను చెప్పేది ఆ పిల్లల్ని చూసి నేర్చుకున్నదే.

ప్రశ్న: మా అమ్మాయి, అల్లుడు న్యూజెర్సీలో ఉంటారు. అమ్మాయికి ఇది తొలిచూలు. 20వ వారం స్కానింగులో బిడ్డకి వెన్ను కింద భాగం మూసుకోలేదు, స్పైనా బిఫిడా అన్నారట. ఇప్పుడు 22వ వారం నడుస్తోంది. ఫిలడెల్ఫియాలో కడుపు తెరిచి, బిడ్డ లోపల ఉండగానే ఆపరేషన్ చేస్తారు, ఆలోచించుకోండి అన్నారట. అది విన్నప్పటి నుంచి నాకు కాళ్లూ చేతులూ ఆడటం లేదు. పురుడు పోయడానికి వెళ్దామని టికెట్టు కూడా కొనుక్కున్నాను. అమ్మాయిని ఇక్కడికి తెచ్చేసుకోమని బంధువులు అంటున్నారు. పుట్టాక చేయిస్తే సరిపోదా? అసలు బిడ్డ నడుస్తుందా?
– ఒక అమ్మమ్మ, తెనాలి

జవాబు: అమ్మా, ఉత్తరం కింద ఫోన్ నంబరు రాశారు కాబట్టి అందిన సాయంత్రమే మీతోనూ, ఆ రాత్రి మీ అమ్మాయితోనూ మాట్లాడాను. పత్రిక అచ్చయి మీ గుమ్మంలోకి వచ్చేదాకా ఆగే విషయం కాదిది. మనం మాట్లాడుకున్న మాటలు ఇంకొందరికి పనికొస్తాయని, మీరు సరేనన్నాకే ఇక్కడ రాస్తున్నాను.

బిడ్డ కడుపున పడిన 28 రోజుల్లోపే వెన్నుపాము గొట్టంలా చుట్టుకుని మూసుకుపోవాలి. చాలామందికి అప్పటికి నెల తప్పిన సంగతి కూడా సరిగ్గా తెలియదు. ఆ గొట్టం ఎక్కడైనా మూసుకోకపోతే నరాలు బయటపడి, వీపు మీద నీటి సంచిలాంటి గడ్డగా కనిపిస్తాయి. రిపోర్టులో దాన్ని మైలోమెనింగోసీల్ అని రాస్తారు. ఇది మొదటి దెబ్బ. బయటపడిన నరాలు నెలల తరబడి ఉమ్మనీటిలో నానుతూ, గర్భసంచి గోడకి రాసుకుంటూ ఇంకా పాడవుతాయి. వెన్నులో ఉండాల్సిన నీరు ఆ చీలికలోంచి కారిపోతుంటే పైనున్న చిన్నమెదడు మెడలోకి జారి ఇరుక్కుంటుంది, దాంతో తలలో నీరు చేరుతుంది. ఇది రెండో దెబ్బ. మొదటిదాన్ని మనం ఆపలేం. చీలికని ముందే మూసేస్తే రెండోదాన్ని కొంతైనా తప్పించవచ్చన్న ఆశతో పుట్టిందే ఈ ఆపరేషన్.

ఆ ఆశ ఎంతవరకు నిజమో తేల్చడానికి ఫిలడెల్ఫియా పిల్లల ఆసుపత్రి, నాష్‌విల్‌లోని వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయం, శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం కలిసి 2003లో ఒక అధ్యయనం మొదలుపెట్టాయి. దాన్ని 'మామ్స్' అంటారు. ఒప్పుకున్న గర్భిణులను చీటీ తీసినట్టు రెండు గుంపులు చేశారు. ఒక గుంపులో బిడ్డకి కడుపులోనే ఆపరేషన్, రెండో గుంపులో పుట్టాక. 200 మందిని తీసుకుందామనుకుని, 183 మంది చేరేసరికే తేడా స్పష్టంగా కనిపించడంతో ఆపేశారు. 2011లో ఫలితాలు అచ్చయ్యాయి. ఏడాది నిండేలోపు తలలో నీటికి షంట్ (ఆ నీటిని పొట్టలోకి దించే గొట్టం) వేయాల్సి వచ్చింది కడుపులో ఆపరేషన్ అయినవాళ్లలో నూటికి 40 మందికి, పుట్టాక అయినవాళ్లలో 82 మందికి. రెండున్నరేళ్లప్పుడు కాళ్లకి కట్టే ఆసరా పట్టీలు, కర్రలు ఏవీ లేకుండా నడిచినవాళ్లు మొదటి గుంపులో నూటికి 42 మంది, రెండో గుంపులో 21 మంది.

ఈ అంకెలు చూసి చాలామంది వెంటనే 'అయితే చేయించేద్దాం' అంటారు. మీ అమ్మాయికి నేను ఎక్కువసేపు చెప్పింది రెండో వైపు సంగతి. ఈ ఆపరేషన్‌లో కత్తి పడేది ఇద్దరి మీద. అమ్మకి పూర్తి మత్తు ఇచ్చి, సిజేరియన్‌లాగే పొట్ట కోసి, గర్భసంచిని తెరుస్తారు. బిడ్డని బయటికి తీయరు. వీపు భాగం కోత దగ్గరికి వచ్చేలా తిప్పి, నరాలను లోపలికి సర్ది, పైపొరలు, చర్మం కుట్టేస్తారు. పోయిన ఉమ్మనీటి బదులు గోరువెచ్చని సెలైన్ నింపి గర్భసంచి మూసేస్తారు. అప్పటి నుంచి కాన్పు దాకా ప్రతి రోజూ టెన్షనే. ఆ అధ్యయనంలో కడుపులో ఆపరేషన్ అయిన పిల్లలు సగటున 34 వారాలకే పుట్టారు. నూటికి 13 మంది 30 వారాలు కూడా నిండకుండానే పుట్టారు. కాన్పు వేళ చూస్తే దాదాపు మూడోవంతు మంది తల్లులకి గర్భసంచి మీద ఆ కుట్టు పలచబడో, విడిపోయో కనిపించింది. ఈ కాన్పే కాదు, ఆ తర్వాత ఎన్ని కాన్పులైనా నొప్పులు రాకముందే సిజేరియన్ చేయాల్సిందే. ఇది మీ అమ్మాయికి తొలిచూలు కాబట్టి ఈ మాట మరీ గట్టిగా చెప్పాను. గర్భసంచిని అంత పెద్దగా కోయకుండా చిన్న రంధ్రాల ద్వారా, కెమెరా గొట్టంతో చేసే పద్ధతి కూడా కొన్నిచోట్ల ఉంది. తమ ఆసుపత్రిలో ఏ పద్ధతి, ఎందుకు అని అడగమన్నాను.

ఇక నడక. పెద్దవాళ్లందరూ అడిగే మొదటి మాట ఇదే. దీనికి జవాబు ముందుగా చీలిక ఎంత ఎత్తున ఉందన్న దాన్ని బట్టి ఉంటుంది. నడుము పూసలను పై నుంచి కిందికి ఎల్-1 నుంచి ఎల్-5 దాకా లెక్కపెడతారు, ఆ కింద ఎస్-1. చీలిక ఎంత కిందికి ఉంటే కాళ్లలో అంత బలం మిగులుతుంది. ఎస్-1 దగ్గర ఉన్న బిడ్డ మడమ పట్టీతో పరుగెత్తడం చూశాను. ఎల్-2 దగ్గర ఉన్న బిడ్డకి ఇల్లంతా కర్రలతో తిరిగినా బడికి వీల్‌చైర్ కావాలి. అందుకే మీ అమ్మాయిని మూడు సంగతులు కాగితం మీద రాసుకుని వెళ్లమన్నాను. చీలిక ఏ పూస దగ్గర మొదలైంది? కాళ్లు, పాదాలు స్కానింగులో కదులుతున్నాయా? తలలో నీటి గదుల వెడల్పు ఎన్ని మిల్లీమీటర్లు? ఈ మూడోది చాలామంది అడగరు. అదే అధ్యయనంలో, ఆ గదులు 10 మిల్లీమీటర్ల లోపు ఉన్న పిల్లల్లో కడుపులో ఆపరేషన్ వల్ల షంట్ అవసరం నూటికి 79 నుంచి 20కి దిగింది. 15 దాటినవాళ్లలో ఆపరేషన్ కడుపులో చేసినా పుట్టాక చేసినా ఎక్కువమందికి షంట్ తప్పలేదు. అంటే ఒకే ఆపరేషన్ ఒక బిడ్డకి చాలా మేలు చేయవచ్చు, ఇంకో బిడ్డకి కొంచెమే చేయవచ్చు.

అమ్మాయిని ఇక్కడికి తెచ్చేసుకునే ఆలోచన మానుకోండి. ఆ అధ్యయనంలో ఆపరేషన్ చేసింది 19 వారాల నుంచి 25 వారాల 6 రోజుల లోపు. మీకు మిగిలింది నాలుగు వారాలకి లోపే. అందులో ఎంఆర్ఐ తీయాలి, ఉమ్మనీటి పరీక్ష రావాలి, వాళ్లిద్దరూ కుదురుగా కూర్చుని ఆలోచించుకోవాలి. బిడ్డని ఉంచుకోవాలా వద్దా అన్న మాట కూడా వాళ్లిద్దరి మధ్య వస్తుంది. రానివ్వండి. ఆ మాట ఎత్తారని వాళ్లని తప్పుపట్టకండి.

మీ అమ్మాయి చివర్లో గొంతు తగ్గించి అడిగింది: "డాక్టర్‌గారూ, నేను భయపడి కడుపులో ఆపరేషన్ వద్దంటే చెడ్డ తల్లినా?" కాదమ్మా అన్నాను. పుట్టాక ఒకటి రెండు రోజుల్లో వీపు మూయడం కూడా పూర్తి వైద్యమే. ఆ అధ్యయనంలో చనిపోయిన పిల్లలు రెండు గుంపుల్లోనూ ఇద్దరేసే. నా దగ్గరికి వచ్చే పిల్లలందరూ పుట్టాక ఆపరేషన్ అయినవాళ్లే. వాళ్లు పెరుగుతున్నారు, కొట్లాడుకుంటున్నారు, పరీక్షలు రాస్తున్నారు.

మీకు నేను చెప్పిందీ ఒకటుంది, మళ్లీ రాస్తున్నాను. వాళ్లు ఆపరేషన్‌కి ఒప్పుకుంటే మీ టికెట్టు ముందుకి జరపండి. ఆ తర్వాత కాన్పు దాకా ఆమె ఆసుపత్రికి దగ్గర్లోనే ఉండాలి, బరువులెత్తకూడదు. ఎక్కువసేపు నిలబడకూడదు. అల్లుడు ఉద్యోగానికి వెళ్తే ఇంట్లో ఒక మనిషి కావాలి. పురిటికంటే ముందే మీ అవసరం ఉంది. వెళ్లాక ఆవిడ దగ్గర ఏ గ్రహణం సంగతీ, ఏ పాపం సంగతీ ఎత్తకండి.

ప్రశ్న: గత ఏడాది టిఫా స్కాన్‌లో (ఐదో నెలలో బిడ్డ అవయవాలు చూసే స్కానింగు) బిడ్డకి ఇదే లోపం ఉందన్నారు. చీలిక పెద్దది, తల నిండా నీరు. చాలా ఏడ్చాక గర్భం తీయించుకున్నాం. గ్రహణం రోజు నేను కూరగాయలు తరిగాననీ, అందుకే అలా అయిందనీ అత్తవారింట్లో ఇప్పటికీ అంటారు. మళ్లీ బిడ్డ కావాలనుకుంటున్నాం. మళ్లీ ఇలాగే అవుతుందా?
– ఒక సోదరి, శ్రీకాకుళం జిల్లా

జవాబు: తల్లీ, కూరగాయలు తరిగినందుకు ఏ బిడ్డ వెన్నూ తెరుచుకోదు. మొదటి 28 రోజుల్లోనే, నీకు తెలియకముందే జరిగిపోయిన సంగతి అది. ఈ పేజీ మీ అత్తగారికి చదివి వినిపించు.

ఒకసారి ఇలా అయినవాళ్లకి మళ్లీ వచ్చే అవకాశం మామూలు వాళ్లకంటే ఎక్కువే. అయినా అది సుమారు నూటికి ఇద్దరి నుంచి ఐదుగురికే. దాన్ని ఇంకా తగ్గించే మందు ఉంది, అదీ రూపాయల్లో దొరికేది. ఫోలిక్ యాసిడ్. నీలాంటి తల్లుల మీదే చేసిన బ్రిటన్ అధ్యయనం 1991లో వచ్చింది. గర్భం రాకముందు నుంచే రోజుకి 4 మిల్లీగ్రాములు వేసుకున్నవాళ్లలో ఈ లోపం నూటికి 72 వంతులు తగ్గిందని అది చూపించింది. మన మందుల షాపుల్లో దొరికేది 5 మిల్లీగ్రాముల మాత్ర, మీ డాక్టరు అదే రాస్తారు. ఇలాంటి కాన్పు ఎప్పుడూ కాని ఆడవాళ్లకి రోజుకి 400 మైక్రోగ్రాములు చాలు. నీకు మాత్రం పెద్ద మోతాదు కావాలి.

మన దగ్గర జరిగే పొరపాటు ఏమిటంటే, నెల తప్పి, ఆసుపత్రికి వెళ్లి, రెండో నెలలోనో మూడో నెలలోనో ఈ మాత్ర మొదలుపెడతారు. అప్పటికి గొట్టం మూసుకోవాల్సిన రోజులు దాటిపోయి ఉంటాయి. కాబట్టి గర్భం కోసం ప్రయత్నించడానికి మూడు నెలల ముందే మొదలుపెట్టు. ఫిట్స్‌కి మాత్రలు వాడుతుంటే, ముఖ్యంగా వాల్‌ప్రోయేట్ అయితే, ముందే న్యూరాలజీ డాక్టరుతో మాట్లాడి మార్పించుకో, నీ అంతట నువ్వు ఆపేయకు. షుగర్ ఉందో లేదో చూపించుకో. ఈసారి టిఫా దాకా ఆగకుండా మూడో నెల స్కానింగే ఫీటల్ మెడిసిన్ డాక్టరు (కడుపులో బిడ్డ జబ్బులు చూసే డాక్టరు) దగ్గర చేయించుకో, పాత రిపోర్టు చేతిలో పట్టుకుని వెళ్లు.

ప్రశ్న: మా బాబుకి ఏడేళ్లు, రెండో తరగతి. వీపు మీద గడ్డతో పుట్టాడు. రెండో రోజు ఆపరేషన్, మూడో వారంలో తలకి షంట్. పట్టీలు వేసుకుని వాకర్‌తో నడుస్తాడు. మాటలు మాత్రం పెద్దవాళ్లలాగా మాట్లాడతాడు, పాటలు, పద్యాలు ఒకసారి వింటే వచ్చేస్తాయి. కానీ లెక్కలు రావు. చెప్పిన పని సగంలో మరిచిపోతాడు. 'ఇన్ని మాటలు వచ్చినవాడికి లెక్కలు రాకపోవడమేంటి, బద్ధకం' అంటారు టీచర్లు. కడుపులో ఉండగానే ఈ ఆపరేషన్ చేసే వీడియో ఒకటి ఈమధ్య చూశాం. అప్పుడే చేయించి ఉంటే వాడి మెదడు బాగుండేదేమో అని నేనూ నా భార్యా రోజూ దీని మీదే గొడవ పడుతున్నాం. నిజం చెప్పండి.
– ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: నిజమే చెబుతాను. మీరు అనుకున్నదానికంటే అది మీ మనసుకి ఊరట ఇస్తుంది.

పై జవాబులో చెప్పిన మామ్స్ పిల్లల్ని మళ్లీ బడి వయసులో, ఆరు నుంచి పదేళ్ల మధ్య పరీక్షించారు. 161 మంది పిల్లలు. ఫలితాలు 2020లో వచ్చాయి. తలలో నీటి విషయంలో లాభం నిలిచింది. షంట్ ఉన్నవాళ్లు కడుపులో ఆపరేషన్ అయినవాళ్లలో నూటికి 49, పుట్టాక అయినవాళ్లలో 85. నడకలోనూ తేడా నిలిచింది. ఏ ఆసరా లేకుండా నడిచేవాళ్లు వరసగా నూటికి 29, 11. (రెండున్నరేళ్లకి ఉన్న 42 ఇక్కడ 29 అయిందని గమనించే ఉంటారు. పిల్లలు పెరిగి బరువెక్కేకొద్దీ బలహీనంగా ఉన్న కాళ్లు మోయలేవు. చిన్నప్పటి నడక చూసి మురిసిపోయి ఫిజియోథెరపీ ఆపేయవద్దని నేను పోరేది అందుకే.) కానీ ఆ అధ్యయనంలో అసలు కొలవాలనుకున్నది ఇంకోటి. తన పనులు తాను చేసుకోవడం, నలుగురితో మెలగడం, మాట, అన్నీ కలిపి వేసే స్కోరు. మామూలు పిల్లల సగటు 100 అనుకుంటే, కడుపులో ఆపరేషన్ అయిన పిల్లల సగటు 89, పుట్టాక అయినవాళ్లది 87.5. అంటే చెప్పుకోదగ్గ తేడా ఏమీ లేదు. రెండున్నరేళ్లప్పుడు చేసిన తెలివి పరీక్షలోనూ తేడా తేలలేదు.

ఈ జబ్బులో మెదడు అల్లిక మొదటి నుంచే కొంచెం వేరుగా ఉంటుంది. రెండు సగాలనీ కలిపే నరాల కట్ట చాలామందిలో పూర్తిగా తయారవదు. ఐదో నెలలో వీపు మూసినంత మాత్రాన అది సరికాదు. కాబట్టి మీ భార్య చేసిన తప్పు గానీ, మీరు చేసిన తప్పు గానీ ఇక్కడ లేదు. ఆ గొడవ ఇవాళ్టితో ఆపండి.

ఇప్పుడు బాబు సంగతి. టీచర్ల మీద నాకు కోపం లేదు గానీ, 'బద్ధకం' అన్న మాట విన్నప్పుడు బాధ వేస్తుంది. మచిలీపట్నం వైపు నుంచి ఒక పాప వచ్చేది, మీ బాబు వయసే. గదిలోకి రాగానే ఆ రోజు బస్సులో ఎవరెక్కడ కూర్చున్నారో, కండక్టరు ఎవరిని కసిరాడో, తాతయ్య ఎక్కడ కునుకు తీశాడో పూసగుచ్చినట్టు చెప్పేది. నేను బల్ల మీద 12 చింతపిక్కలు పోసి, ముగ్గురికి సమానంగా పంచమ్మా అన్నాను. ముందు వాటిని ఒక వరసలో పేర్చింది. రెండు జరిపింది. ఏవి జరిపిందో మరిచిపోయి మళ్లీ కుప్ప చేసింది. మళ్లీ వరస పెట్టింది. మూడోసారి చెయ్యి ఆపి, నా ముఖంలోకి చూసి, "మీ గాజులు ఎక్కడ కొన్నారు డాక్టరమ్మా?" అంది. ఆ ప్రశ్న వెనక ఉన్నది అల్లరి కాదు. దారి తప్పిన పిల్ల తనకి బాగా తెలిసిన దారిలోకి వెళ్లిపోయింది, అదీ మాటల దారి.

గుడ్లు పెట్టే అట్ట ఒకటి తెప్పించి, దాన్ని మూడు ముక్కలుగా కత్తిరించి ముందు పెట్టాను. ఒక గుంటలో ఒక పిక్క. ఈ అట్టలో ఒకటి, ఆ అట్టలో ఒకటి, మూడో అట్టలో ఒకటి. ఐదు నిమిషాల్లో పంచేసింది. లెక్క ఆ పిల్లకి అర్థం కాక కాదు. ఎక్కడిదాకా వచ్చిందో కంటికి ఆనవాలు లేకపోతే మనసు నిలవడం లేదు, అంతే. ఈ పిల్లల్లో చాలామంది ఇలాగే ఉంటారు. మాట, కంఠతా పట్టడం బలం. లెక్కలు, దిక్కులు, గడియారం చూడటం, పని ఎక్కడ మొదలుపెట్టాలో తెలుసుకోవడం కష్టం. చదువుతున్నప్పుడు గడగడా చదివేస్తారు, ఏం చదివావు అంటే సగం చెప్పలేరు. మాటలు బాగా రావడం వల్లే టీచర్లు మోసపోతారు, అన్నీ వచ్చు, కావాలనే చేయడం లేదనుకుంటారు.

ఇంట్లో ఒకేసారి రెండు పనులు చెప్పకండి. 'బ్యాగ్ సర్దుకుని, నీళ్ల సీసా నింపుకుని రా' అంటే బ్యాగ్ దగ్గరే ఆగిపోతాడు. ఒకటి చెప్పండి, అయ్యాక రెండోది. లెక్కలు గళ్ల కాగితం మీద చేయించండి, గడికో అంకె. పద్యాలు ఒకసారికే వచ్చే పిల్లవాడు కాబట్టి ఎక్కాలు కూడా పాటలా నేర్పండి, కానీ పిక్కలు, గుండీలు చేత్తో పట్టించి చూపించడం మానకండి. బడిలో ముందు బెంచీ, రాయడానికి కొంచెం ఎక్కువ టైమ్ అడగండి. సదరం సర్టిఫికెట్ లేకపోతే తీసుకోండి. 40 శాతం, అంతకు మించి వైకల్యం ఉన్న పిల్లలకి 6 నుంచి 18 ఏళ్ల దాకా దగ్గరి బడిలో ఉచితంగా చదువుకునే హక్కు 2016 చట్టం ఇచ్చింది. మీ మండలంలో భవిత కేంద్రం ఎక్కడుందో ఎంఈఓ ఆఫీసులో చెబుతారు.

అయితే వీటన్నిటికంటే ముందు ఒక ప్రశ్న. చదువులో ఈ వెనకబాటు మొదటి నుంచీ ఉందా, ఈ ఏడాది కొత్తగా వచ్చిందా? మీ ఉత్తరంలో అది లేదు. కొత్తగా వచ్చిందైతే టీచర్ని కాదు, ముందు షంట్‌ని అనుమానించాలి. చెవి వెనక నుంచి పొట్టలోకి వెళ్లే ఆ గొట్టం మూసుకుపోతే ఎప్పుడూ వాంతులతోనే బయటపడదు. పొద్దున్నే తలనొప్పి, పగలు మత్తుగా ఉండటం, చేతిరాత పాడవడం, ఉన్నట్టుండి చిరాకు, ఇవి కూడా గుర్తులే. ఇలాంటివి కనిపిస్తే ఆ రోజే న్యూరోసర్జన్ దగ్గరికి వెళ్లండి. నడక మారినా, నడుము నొప్పి వచ్చినా, మూత్రం కారడం కొత్తగా పెరిగినా వెన్నుపాము పాత కుట్టు దగ్గర అతుక్కుని లాగుతోందేమో చూడాలి.

మూత్రం సంగతి మీరు రాయలేదు. చాలామంది తండ్రులు రాయరు. ఈ పిల్లలకి కాళ్ల తర్వాత, కొన్నిసార్లు కాళ్లకంటే ముందు కాపాడాల్సింది కిడ్నీలని. బాబుకి నాలుగు గంటలకోసారి పైపు పెట్టి మూత్రం తీయడం ఇప్పటికే మొదలుపెట్టారా? లేదంటే యూరాలజీ డాక్టరుని అడగండి. దీనికి ఆపరేషన్ థియేటర్లో ఉన్నంత శుద్ధి అక్కర్లేదు, సబ్బుతో కడిగిన చేతులు, కడిగిన పైపు చాలని 1972లోనే మిచిగన్‌లో లాపిడిస్ అనే డాక్టరు చూపించారు. ఎంతమంది పిల్లల కిడ్నీలు ఆ ఒక్క మాటతో నిలిచాయో! కడుపులో ఆపరేషన్ అయిన పిల్లల్లోనూ బడి వయసుకి నూటికి 62 మంది పైపు వాడుతున్నారు, పుట్టాక అయినవాళ్లలో 87 మంది. అంటే ఆ వీడియోలో చూసిన పిల్లల ఇళ్లలోనూ ఈ పని ఉంది. ఏడెనిమిదేళ్లకి పిల్లలు తామే చేసుకోవడం నేర్చుకోగలరు. వాళ్లమ్మ ఇంటర్వెల్‌కి బడికి పరుగెత్తే బాధ తప్పుతుంది. వాడికీ స్నేహితుల ముందు తలెత్తుకునే వీలుంటుంది. పైపు సిలికాన్‌దో ప్లాస్టిక్‌దో వాడండి, రబ్బరుది వద్దు. ఈ పిల్లలకి రబ్బరు పడకపోవడం ఎక్కువ. పుట్టినరోజు బెలూన్లు కూడా ఇంట్లోకి తేకండి.

పాదాల గురించి కూడా. మీ ఖమ్మం ఎండలు నాకు తెలుసు. ఒక మే నెలలో గుడికి వెళ్లొచ్చిన కుటుంబం బిడ్డని తీసుకొచ్చింది. బండ మీద చెప్పుల్లేకుండా ఒక్క ప్రదక్షిణ చేశాడు. స్పర్శ లేని అరికాలు కాబట్టి ఏడవలేదు, ఎవరూ గమనించలేదు. రాత్రి సాక్సు విప్పితే తోలు దాంతో పాటే ఊడొచ్చింది. ఆ పుండు మానడానికి నాలుగు నెలలు పట్టింది, ఆ నాలుగు నెలలూ పట్టీలు వేయలేక నడక పోయింది. రోజూ పడుకునే ముందు రెండు అరికాళ్లూ, పట్టీ ఆనే చోట్లూ దీపం కింద చూడండి. గుడిలో ఎత్తుకోండి, లేదా మందపాటి సాక్సులతో తీసుకెళ్లండి. దేవుడేమీ అనుకోడు.

బాబుని తీసుకుని విజయవాడ వస్తామని రాశారు. రండి. వచ్చేటప్పుడు షంట్ వేసిన కాగితాలు, చివరిసారి తీసిన కిడ్నీల స్కానింగు తెండి. మార్కుల కార్డు అక్కర్లేదు. వాడి లెక్కల నోటు పుస్తకాలు, ఈ ఏడాదివీ పోయిన ఏడాదివీ, ఉన్నవున్నట్టు తీసుకురండి. చేతిరాత ఏ నెలలో మారిందో అందులో చూస్తాను.